ఒక సుదీర్ఘ వైద్యపదమునం దక్షరవిభాగము, ఊనిక

ఆంగ్లపదముల యుచ్చారణమునకు నియమము లేదనుట మన పాఠశాలలలోఁ దఱచుగా వినఁబడు మాట. వ్రాఁత యొక తీరు, పలుకుబడి యొక తీరు నగుటచేతను, పదములో నే యక్షరము నూఁది పలుకవలయునో వ్రాఁతవలనఁ దెలియకుండుటచేతను ఈ యపవాదము పుట్టినది. వ్రాఁతవిషయమున నది చాలవఱకు నిజమే. ఊనికవిషయమున, అందును గ్రీకు లాటిను మూలములనుండి వచ్చిన వైద్యపదముల విషయమున, నది నిజము కాదు. ఆ పదములలో నూనిక రెండువేల యేండ్లకుఁ బూర్వమే యేర్పడిన యొక నియమమునకు లోఁబడి నడచుచున్నది. ఆ నియమమునకు మూలము గురులఘువులు. ఛందస్సు నేర్చిన తెలుఁగుపండితుఁడు, తానెన్నఁడును వినని వైద్యపదమున నైనను, ఊనికస్థానమును జాలతావులఁ దప్పక చెప్పఁగలఁడు. దీనిని నిరూపించుట కాంగ్లనిఘంటువులలోని పదములలో నెల్లఁ బొడవైనదిగాఁ బేరొందిన వైద్యపదమునే పరీక్షకుఁ దీసికొనుట యుచితము. ఆ పదము 'న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్'. రోమకలిపిలో దీనికి 45 వర్ణములు గలవు.

ఈ పదమును వైద్యులు చేయలేదు. 1935వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున న్యూయార్కు నగరమున 'నేషనల్ పజ్లర్స్ లీగ్' అను ప్రహేళికాప్రియుల సంఘమువారు తమ 103వ యర్ధవార్షికసమావేశమును జరిపిరి. అప్పుడు సంఘాధ్యక్షుఁడు ఎవరెట్ ఎం. స్మిత్, పదకర్తయు నాతఁడే యని ప్రసిద్ధి. అంతవఱకు వారు మిక్కిలి పొడవైనదని యంగీకరించియున్న 'ఎలెక్ట్రోఫోటోమైక్రోగ్రాఫికల్లీ' యను 28 వర్ణముల పదమును ద్రోసి యీ 45 వర్ణముల పదము సింహాసన మెక్కెను. ఫిబ్రవరి 23వ తేదీ నాఁటి 'న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్' పత్రికలో నీ వార్త ప్రకటితమైనది. అప్పటి వ్రాఁతలో 'కోనియోసిస్' అను తుదిభాగము గ్రీకుపద్ధతి ననుసరించి 'కే' వర్ణముతో మొదలయ్యెను. పిదప లాటినుపద్ధతి నది 'సీ' వర్ణముగా మాఱినది; ధ్వని మాత్రము మాఱలేదు. 1936లో ఫ్రాంక్ స్కల్లీ యను రచయిత తన గ్రంథమున దీనిని వాడెను. 1939లో వెబ్‌స్టరు 'న్యూ ఇంటర్నేషనల్' నిఘంటువు రెండవకూర్పున కనుబంధముగా వెలువడిన భాగమున నిది చోటు సంపాదించెను. ఆక్స్‌ఫర్డు నిఘంటుకారులు దీనిని గ్రహించియు, ఇది కృత్రిమపదమనియు, దీర్ఘపదమున కుదాహరణముగానే ముఖ్యముగాఁ గానవచ్చుచున్నదనియు వ్రాయుట మఱవలేదు.

కృత్రిమపదమును బరీక్షకుఁ దీసికొనుట యేల యని యెవ్వరైన నడుగవచ్చును. కృత్రిమమగుటయే దీని యుపయోగము. నోటినుండి నోటికి వచ్చిన పదమునకు వాడుకయే ప్రమాణము. అందు నియమమెంత, యభ్యాసమెంత యని వేఱుపఱచుట దుస్సాధ్యము. ఈ పదమునకు ముందుతరముల పలుకుబడి లేదు. దీనిని బలికి చూపిన తాతలు లేరు. అయినను నిఘంటుకారులు ప్రధానమైన యూనిక యెచ్చట నుండవలయునో సందేహింపక నిర్ణయించిరి. పదమును గొత్తగాఁ జూచిన విద్యావంతులును ఆ తావుననే యూఁది పలికిరి. వాడుక లేని చోట నిర్ణయము కుదిరిన దనఁగా నిర్ణయించినది నియమమే యనుట స్పష్టము.

పదము వినోదమునకుఁ బుట్టినదే కాని యది చెప్పు వ్యాధి వినోదము గాదు. రాతిధూళిని బీల్చుటవలన ఊపిరితిత్తులు గట్టిపడి శ్వాస యాడక కూలివాండ్రు చచ్చుట పురాతనకాలమునుండి తెలిసినదే. 1867లో జర్మనీదేశపు వైద్యుఁడు ఫ్రీడ్రిష్ ఆల్బర్ట్ ఛెంకర్ ధూళివలనఁ గలుగు శ్వాసకోశవ్యాధులను గూర్చి వ్రాయుచు వానికిఁ 'న్యుమోనోకోనియోసిస్' అను పేరిడెను. 1874లో ఫ్రెంచివైద్యుఁడు అడ్రియన్ ప్రూస్ట్ దానిని 'న్యుమోకోనియోసిస్' అని కుదించెనని వైద్యచరిత్రకారులు చెప్పుదురు. ఈతఁడు నవలారచయిత మార్సెల్ ప్రూస్టునకుఁ దండ్రి. 'నో', 'కో' యను రెండక్షరము లొకదాని వెంట నొకటి వచ్చుటచే నాలుక తడఁబడును. అందొకదానిని విడుచుట సహజమే. సైకతధూళివలనఁ గలుగు భేదమునకు 'సిలికోసిస్' అను పేరు 1870 ప్రాంతమున ఇటలీ వైద్యుఁడు అకిల్లే విస్కోంతి పెట్టినది. న్యూయార్కునఁ బ్రహేళికాప్రియులు పదమును గూర్చుకొనుచున్న కాలముననే, అదే దేశమున, పడమటి వర్జీనియాలోని గాలీ బ్రిడ్జి సమీపమున నీ వ్యాధి వందలకొలఁది మందిని బలిగొనుచుండెను. 1930లో నచ్చట హాక్స్ నెస్ట్ సొరంగమును ద్రవ్వ నారంభించిరి. ఆ కొండరాతిలో సైకతాంశము మిక్కుటము. నీరు చల్లక రాతిని దొలుచుటచే లేచిన ధూళిలోఁ బనిచేసినవారిలోఁ జాలమంది బీదలగు నల్లజాతివారు. 1936లో నమెరికా ప్రతినిధిసభ యుపసంఘము దీనిని విచారించెను. 1986లో మార్టిన్ చెర్నియాక్ అను వైద్యుఁడు మృతుల సంఖ్యను 764గా నంచనా కట్టెను. ఈ వ్యాధి మన దేశమునకుఁ బరాయిది గాదు. మధ్యప్రదేశమునందలి మంద్‌సౌర్ ప్రాంతమున బలపములు చేయు పనివారిలో నిది ప్రబలిన సంగతి వైద్యులెఱుఁగుదురు. ఓనమాలు దిద్దిన ప్రతి చేతిలోను బలపమొకటి యుండెను గదా.

ఇఁక పదశరీరము. 'న్యూమోన్' అనఁగా గ్రీకున ఊపిరితిత్తి. 'అల్ట్రా' లాటినుశబ్దము, అతీతమని యర్థము. 'మైక్రో' గ్రీకు, సూక్ష్మము; 'స్కోపిక్' అనునది చూచుట యను నర్థముగల గ్రీకుధాతువునుండి వచ్చినది. 'సిలికో' యనునది చెకుముకిరాతిని దెల్పు 'సిలెక్స్' అను లాటినుశబ్దజన్యము. 'వాల్కేనో' రోమకుల యగ్నిదేవుఁడగు వుల్కానుని పేరు. సిసిలీకి నుత్తరముననున్న వుల్కానో ద్వీపముద్వారా యగ్నిపర్వతవాచక మయ్యెను. 'కోనిస్' అనఁగా గ్రీకున ధూళి. 'ఓసిస్' స్థితిని, అందును వ్యాధిస్థితిని దెల్పు గ్రీకుప్రత్యయము. సంస్కృతసమాసముగా మార్చినచో 'అతిసూక్ష్మాగ్నిశైలసికతారజోజన్యఫుప్ఫుసరోగము' అని యగును. సంస్కృతమున ఫుప్ఫుసమును రోగమును బ్రక్కప్రక్కనుండఁగా, ఆంగ్లపదమున ఊపిరితిత్తి మొదటను వ్యాధి తుదిని నిలిచి, నడుమ ధూళి యంతయుఁ జొచ్చియుండుట చూడఁదగినది. గ్రీకు లాటిను శబ్దములను గలిపి సమాసము చేయుట ఐరోపాపండితులలోఁ గొందఱకు రుచింపదు. మన లాక్షణికులు వైరిసమాసమును నిషేధించిన కారణమే వారిదియు. గ్రీకుమర్యాదను బాటించినచో 'న్యూమోనో'లోని తుది యోకారము 'అల్ట్రా' ముందు లోపింపవలయును. మనస్సు నర్థమిచ్చు 'సైకో' శబ్దము 'ఐయాట్రి' ముందు 'సైకయాట్రి' యగుట యిట్టిదే. ఇచ్చట సంధి లేదు. ఓకారము తరువాత నకారమును విడిగాఁ బలుకవలయును. మనవారు దీనిని విసంధిదోషమని యెంచుదురు.

అక్షరవిభాగమునకు వచ్చుటకు ముందు పరిభాష నొకింత స్థిరపఱచుకొనవలయును. ఇచ్చట నక్షరమనఁగా లిపిలోని గుర్తు గాదు. ఒక్క యచ్చును, దాని నాశ్రయించిన హల్లులను గలిగి యొక్క యూఁపునఁ బలుకఁబడు ఖండము. ప్రాతిశాఖ్యకారులు గ్రహించిన యర్థ మిదియే. తైత్తిరీయప్రాతిశాఖ్యము హల్లు తరువాతి యచ్చునకంగమనియు, సంయుక్తమునందలి మొదటిహల్లు ముందరి యచ్చునకంగమనియు విధించుచున్నది. కావున 'భక్తి' యను పదమును వ్రాయునపుడు 'భ-క్తి' యని విడఁదీసినను, బలుకునపుడు 'భక్-తి' యనియే విడిపోవును. అందుచేతనే 'భ' గురువగుచున్నది. తెలుఁగులిపి సంయుక్తమునంతయు తరువాతి గుర్తునం జేర్చుటచే లిప్యక్షరమునకును ఉచ్చారణాక్షరమునకును నీ భేద మేర్పడినది. ఆంగ్లపదమును దెలుఁగువిద్యార్థి విడఁదీయునపు డీ లిపిసంస్కార మడ్డుతగులును.

ఆంగ్లమున విభాగమును గూర్చి రెండుమతములు చిరకాలమునుండి పోరాడుచున్నవి. థామస్ డిల్వర్త్ 1740లోఁ బ్రకటించిన పాఠ్యగ్రంథము ఇంగ్లాండునందును అమెరికా వలసరాజ్యములందును బాలబోధగా బహుకాలము నడచెను. ఆతఁడు లాటినుపాఠశాలల సంప్రదాయమున హల్లుల నెల్లఁ దరువాతి యచ్చునకు నెట్టి 'క్ల-స్టర్', 'బి-షప్' అని విడఁదీయించెను. 1783లో నోవా వెబ్‌స్టర్ తన తొలి వర్ణక్రమగ్రంథమున దీనిని ఖండించి, చెవికి వినఁబడినట్లే విడఁదీయవలయునని పట్టుపట్టి, 'క్లస్-టర్', 'బిష్-అప్' అని వ్రాసెను. హ్రస్వమైన యచ్చు నూఁది పలుకునపుడు దాని తరువాతి హల్లు దానికే యంటుకొనునని యాతని వాదము. ఇది ధ్వనిమతము. రెండవది వ్యుత్పత్తిమతము: పదము నే ధాతుప్రత్యయములతోఁ గట్టిరో యచ్చటనే విడఁదీయవలయుననునది. అమెరికావారు వెబ్‌స్టరు మార్గమునఁ బోయిరి. బ్రిటిషుముద్రాపకులు వ్యుత్పత్తికిఁ బెద్దపీట వేసిరి. జ్ఞానవాచకమగు 'నాలెడ్జ్' అను పదమును పంక్తి చివర విఱుచునపుడు బ్రిటిషువారు 'తెలియు' నర్థముగల 'నో' ధాతువును చెడకుండ నిలుపుదురు. అమెరికావారు లకారమును మొదటిఖండమునకే యిత్తురు.

వైద్యపదములలో నీ వివాద మెంత సూక్ష్మమైనదో శ్వాసస్తంభనమును దెల్పు 'అప్నీయా' యను చిన్నపదమే చూపఁగలదు. గ్రీకున 'అ' యనునది నిషేధార్థకము, 'ప్నో' శ్వాసార్థకము. వ్యుత్పత్తినిబట్టి పకారము రెండవఖండమునకుఁ జెందినది. ఆంగ్లులు పదాదిని 'ప్న' యను సంయుక్తమును బలుకలేరు. 'న్యుమోనియా' మొదట వ్రాఁతలో పకార ముండియు నోట లేకపోవుట యిందుచేతనే. అయినను 'అప్నీయా'లో పకారము బ్రదికియే యున్నది. ఏలయన నోరు దానిని ముందరి యచ్చునకు సంక్రమింపఁజేసి 'అప్-నీ-య' యనుచున్నది. ప్రాతిశాఖ్యమున సంయోగాదిని గూర్చి చెప్పిన సూత్రమునకుఁ దెలియకయే యాంగ్లేయుల నాలుక లోఁబడినది. వ్యుత్పత్తినిబట్టి విడఁదీసి బోధించినవాఁడు పకారమును గోల్పోవును. ఉచ్చారణబోధకు ధ్వనివిభాగమును, అర్థబోధకు వ్యుత్పత్తివిభాగమును వాడవలయును గాని యొకదానిచోట రెండవదానిని వాడరాదు.

ప్రకృతపదమును వ్యుత్పత్తిని విడఁదీసినచో న్యూమోన్, ఓ, అల్ట్రా, మైక్రో, స్కోప్, ఇక్, సిలిక్, ఓ, వాల్కాన్, ఓ, కోని, ఓసిస్ అని యగును. ఇందలి విడి యోకారములు సమాసమునఁ బదముల నతుకు గ్రీకు సంధాయకములు. ధ్వనినిబట్టి విడఁదీసినచో నతుకులు మాయమై 19 అక్షరములు నిలుచును: న్యూ-మ-నో-అల్-ట్ర-మై-క్ర-స్కాప్-ఇక్-సిల్-ఇ-కో-వాల్-కే-నో-కో-ని-ఓ-సిస్. ప్రకృతిప్రత్యయముల సరిహద్దును, అక్షరముల సరిహద్దును గలియునది కొన్నిచోట్లనే. 'న్యూమోన్' శబ్దపు తుది నకారము 'నో' యను నక్షరమునకు మొదలైనది. 'సిలిక్' శబ్దపు తుది కకారము 'కో' యందుఁ జేరినది.

ఊనికచరిత్రకు గ్రీకునుండి మొదలుపెట్టవలయును. ప్రాచీనగ్రీకుభాషలో స్వర ముండెను. అది బలముతోఁ గాక శ్రుతితోఁ దెలియునది. అలెగ్జాండ్రియానగరపు వైయాకరణుఁడగు బైజాంటియము అరిస్టొఫనీసు క్రీస్తునకుఁ బూర్వము 200 ప్రాంతమున స్వరచిహ్నములను గల్పించెనని సంప్రదాయము. వేదస్వరముల నెఱిఁగినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. పదమున నొక్క యచ్చు దప్పఁ దక్కినవి యనుదాత్తములగునని పాణిని చెప్పినదియు, గ్రీకుపదమున నొక్క తావుననే యుచ్చస్వరముండుటయు నొక్క మూలమునుండి వచ్చినవే. గ్రీకున 'ఓసిస్' ప్రత్యయాంతములకుఁ దుదియక్షరము హ్రస్వము గావున స్వరము వెనుకకుఁ జరిగి తుదినుండి మూఁడవ యక్షరమునందు నిలుచును. ధాతుక్షయమును దెల్పు 'నెక్రోసిస్' గ్రీకున 'నె' యందు స్వరము గలది. నేఁటి గ్రీకులును ఆ యక్షరమునే యూఁది పలుకుదురు. ఆంగ్లవైద్యుఁడు 'క్రో' యక్షరము నూఁదును.

ఈ మార్పునకుఁ గారకులు రోమకులు. లాటిను ఊనికసూత్రము సరళము. క్రీస్తుశకము మొదటిశతాబ్దమున క్వింటిలియన్ అను నలంకారికుఁడు దీనిని వివరించి యున్నాఁడు. రెండక్షరముల పదమున మొదటిది యూనికస్థానము. అంతకుమించిన పదమున ఉపాంత్యాక్షరము, అనఁగాఁ దుదినుండి రెండవది, గురువైనచో నదియే యూనికస్థానము; లఘువైనచో నూనిక తుదినుండి మూఁడవదానికిఁ జరుగును. అంతకు వెనుకకుఁ బోదు. తుదియక్షరముపై నుండదు. గురువనఁగా వారికిని దీర్ఘాచ్చు, సంధ్యచ్చు, హల్లుతో మూయఁబడిన హ్రస్వాచ్చు. పింగళుఁడు చెప్పినదానికి దీనికిఁ గల సామ్యము కాకతాళీయము గాదు. రెండుభాషలును ఛందస్సును అక్షరపరిమాణముపైఁ గట్టినవే. అపవాదమునందు సైతము సామ్యము గలదు. స్పర్శవర్ణమునకు రేఫలకారములు తోడైనపుడు ముందరి హ్రస్వము లఘువుగానే నిలువవచ్చునని వారి మతము. రేఫసంయుక్తము నూఁది పలుకని చోట ముందరిదానిని లఘువుగాఁ గొనుట మన లాక్షణికులకుఁ దెలిసినదే. మెదడును దెల్పు 'సెరిబ్రమ్' అను పదమున బకారరేఫసంయుక్తమునకు ముందున్న యచ్చు లాటినున లఘువు. కావున 'సె' యందూనిక. ఆంగ్లులలోఁ గొంద ఱా యచ్చును దీర్ఘముగాఁ జేసి 'సెరీబ్రమ్' అని 'రీ' నూఁదుదురు. నిఘంటువు లీ రెండింటిని నంగీకరించినవి. వెన్నుపూసను దెల్పు 'వెర్టిబ్రా' శబ్దమున మాత్రము మొదటి యక్షరమందే యూనిక నిలిచినది.

గ్రీకుపదములు లాటినుద్వారా వచ్చినంతమాత్రమున గ్రీకుస్వర మంతయుఁ బోవలసిన పని లేదు. దానిని బాఠశాలలనుండి పూర్తిగా వెడలఁగొట్టినది 17వ శతాబ్దపు వాదము. 1684లో హెన్నీనియస్ అను పండితుఁడు, గ్రంథములలో ముద్రితములగు గ్రీకుస్వరచిహ్నములు ప్రాచీనోచ్చారణమునకుఁ బ్రమాణములు కావనియు, గ్రీకును గూడ లాటిను సూత్రమునుబట్టియే యూఁది చదువవలయుననియు వాదించెను. వాదము దుర్బలము, చిహ్నములు ప్రామాణికములని తరువాతి భాషాశాస్త్రము స్థిరపఱచినది. అయినను హాలండును ఇంగ్లాండును దానిని స్వీకరించినవి. ఆంగ్లేయుల బడులలో గ్రీకును లాటిను నూనికతోఁ జదువుట తరతరముల యభ్యాస మయ్యెను. నేఁటి వైద్యపదముల యూనికకు నొక పొరపాటుసిద్ధాంతము దన్నుగా నిలిచిన దనుట విపరీతముగాఁ దోఁచవచ్చును గాని చరిత్ర యట్లే యున్నది. జాన్ వాకర్ 1791లో నుచ్చారణనిఘంటువును, 1798లో గ్రీకు లాటిను నామముల యుచ్చారణమునకుఁ బ్రత్యేకగ్రంథమును వెలువరించి యీ మార్గమును మఱింత గట్టిచేసెను.

ఇప్పుడు సూత్రమును ప్రకృతపదమునకు ముట్టించి చూడవలయును. తుదిని 'ఓసిస్'. గ్రీకున నీ యోకారము 'ఒమేగా', నిత్యదీర్ఘము. ఉపాంత్యము గురువు. కావున ప్రధానమైన యూనిక 18వ యక్షరమగు 'ఓ' యందు. ఇది యిట్లుండఁగా నేఁటి గ్రీకువైద్యుఁడు ధూళివ్యాధి పేరు పలుకునపుడు దానికి ముందున్న 'ని' యను నక్షరము నూఁదును. ఆంగ్లమున నా తుదిభాగమున మిక్కిలి దుర్బలమైన దా 'ని' యే. నడుమనున్న 'స్కోపిక్' శబ్దము లాటినున 'స్కోపికుస్'. అందుపాంత్యమగు 'పి' లఘువు. కావున నూనిక 'స్కో' మీఁదికిఁ బోయినది. ఆంగ్లులు తుది 'ఉస్'ను విడిచినను ఊనికను విడువలేదు. అందుచేతనే 'ఇక్' ప్రత్యయమునకు ముందరి యక్షరమునే యూఁదవలయునను నాంగ్లనియమము పుట్టినది. 'మైక్రోస్కోప్'లో 'మై' యందుండు నూనిక 'మైక్రోస్కోపిక్'లో 'స్కో'కుఁ జరుగుట చూచి విద్యార్థి యక్కజపడును. లోపించిన 'ఉస్'ను మనస్సునఁ జేర్చుకొన్నచో నందు వింత లేదు. 'వాల్కేనో'లో నడిమి యచ్చు 'వుల్కానుస్' శబ్దపు దీర్ఘాకారము. ఉపాంత్యము గురువు, ఊనిక యచ్చటనే. ఒక్క పదమున మూఁడుచోట్ల నొక్క సూత్రమే పనిచేయుచున్నది: రెండుచోట్ల గురువువలన, నొకచోట లఘువువలన.

19 అక్షరముల పద మొక్క యూనికతో నడువఁజాలదు. ప్రధానమైన యూనిక కొకటే స్థానము. తక్కినభాగమును నిలువఁబెట్టుటకు ఉపోనికలు గావలయును. అవి యేడు. ఊనికలేని యక్షరములు తమకు ముందున్న యూనికగల యక్షరము నాశ్రయించునని యెంచినచో పదమిట్లు విఱుగును: న్యూ-మ-నో, అల్-ట్ర, మై-క్ర, స్కాప్-ఇక్, సిల్-ఇ-కో-వాల్, కే-నో, కో-ని, ఓ-సిస్. ఎనిమిది ఖండములు, మొదటిది మూఁడక్షరములది, అయిదవది నాలుగక్షరములది, తక్కినవన్నియు రెండేసి యక్షరములవి. అయిదవఖండము పొడవగుటకుఁ గారణము 'వాల్కేనో'లో నూనిక మొదటియక్షరమున లేకపోవుటయే. 'వాల్' నిరాశ్రయమై వెనుకటి ఖండమునఁ దగుల్కొన్నది. చదువువాని నాలుక తడఁబడునదియు నచ్చటనే. మాత్రాగణముల నడక తెలిసినవాఁ డీ ఖండములను దాళముతో రెండుమూఁడు మాఱులు చదివినచోఁ బద మంతయు నోటికి వచ్చును. వర్ణములను గంఠస్థము చేయఁబోయినవానికి మాత్రము రాదు.

సూత్రమునకు లోఁబడనివి లేవనుట తగదు. 'మెటమార్ఫోసిస్' అనఁగా రూపాంతరము. ఇందును 'ఓసిస్' కలదు, ఓకారము దీర్ఘమే. అయినను ఆంగ్లులు గ్రీకులవలె 'మార్' యక్షరము నూఁదుదురు. ఇది వైద్యమున కంటెఁ గావ్యమునకు ముందుగాఁ బరిచితమైన పదము. వాడుక దానిని సూత్రమునుండి తప్పించినది. ఉదరమును దెల్పు 'అబ్డొమెన్' లాటినున దీర్ఘోపాంత్యము. సూత్రమునుబట్టి 'డో' నూఁదవలయును. అట్లు పలుకువారు గలరు గాని నేఁడు మొదటియక్షరము నూఁదువారే యెక్కువ. నాభిని దెల్పు 'అంబిలైకస్' స్థితియు నిట్టిదే. ఊనికను మొదటికి లాగుట జర్మానిక్ భాషల పుట్టుగుణము, ఆంగ్లమున కది యింకను బోలేదు. హృద్రోగనామమగు 'అంజైనా' యందు దీనికి విపర్యాసము: లాటినున నడిమి యికారము హ్రస్వమని పలువురు పండితుల మతము, కావున మొదటియక్షర మూఁదవలయును, వాడుక దానిని దీర్ఘముచేసి నడిమి యక్షరము నూఁదుచున్నది.

అయినను బడిపండితునకు వైద్యపదములు వేలకొలఁది యని భయపడ నక్కఱలేదు. పదాంతములు కొన్నియే. వానిపరిమాణము తెలిసినచోఁ జాలును. 'ఓసిస్', వాపును దెల్పు 'ఐటిస్', కంతిని దెల్పు 'ఓమా', ఈ మూఁటను ఉపాంత్యము నిత్యగురువు. ట్యుబర్క్యులోసిస్, ఆర్థ్రైటిస్, కార్సినోమా లుదాహరణములు. శాస్త్రమును దెల్పు 'లజీ', ఛేదనమును దెల్పు 'క్టమీ' యను వానియందు ఉపాంత్యము లఘువు. కావున నూనిక తుదినుండి మూఁడవదానియందు. 'న్యుమోనియా' లాటినున 'ని' లఘువుగాఁ గలది; 'మో' నూఁదఁబడును. గ్రీకులు దానినే 'ని' యందు స్వరముంచి పలికిరి.

నిఘంటువులను జూచువారికి నొక మెలకువ యవసరము. పూర్వపు టాంగ్లనిఘంటువులలో నూనికచిహ్నమును యూఁదఁదగిన యక్షరమునకుఁ దరువాత నుంచుట పరిపాటి. అంతర్జాతీయధ్వనిలిపిలో నా చిహ్న మక్షరమునకు ముందుండును. ప్రాఁతపుస్తకము చదివినకన్నుతోఁ గ్రొత్తపుస్తకమును జూచినవాఁ డూనికను నొకయక్షరము వెనుకకు నెట్టి 'కోనియోసిస్'లో 'ని' నూఁదును. ఋగ్వేదపు వ్రాఁతలో ననుదాత్తమునకుఁ గ్రిందను స్వరితమునకుఁ బైనను గీతలుండి ప్రధానమగు నుదాత్తమునకే గుర్తు లేకపోవుట నెఱిఁగినవారి కిట్టి సంకేతభేదము క్రొత్తగాఁ దోఁపదు.

తెలుఁగున అర్థభేదకమగు నూనిక లేదు. అన్యభాషాపదమునందలి యూనికను దెలుఁగునోరు చాలచోట్ల దీర్ఘముగా మార్చుకొనును. 'న్యుమోనియా' యను వ్రాఁతలో 'మో' దీర్ఘమై యూనికస్థానమును దనంతఁ దానే చూపుచున్నది. 'ఆర్థ్రైటిస్'లో 'ఐ'కారము నట్టిదే. 'కోనియోసిస్' అని వ్రాసినపుడు మాత్రము 'కో', 'యో' రెండును దీర్ఘములై సమానముగాఁ గనఁబడును. మొదటిది యుపోనిక, రెండవది ప్రధానోనిక యను భేదము లిపిలో నడఁగిపోవును. పై యెనిమిది ఖండములలోను న్యూ, మై, కే యని దీర్ఘములున్నచోట నూనిక యుండుట నిజమే కాని, నో, కో యని యూనిక లేనిచోటఁ గూడ దీర్ఘము గలదు. కావున నిట్టి పదములను దెలుఁగులిపిలో ముద్రించు వైద్యగ్రంథకర్తలు ప్రధానమైన యూనికగల యక్షరముపై వేదపుస్తకములలో స్వరితమునకుఁ బెట్టు నిలువుగీఁతవంటిదాని నొకదాని నుంచుట మేలు. ఉపోనికలకు వేఱు గుర్తు వలదు. ప్రధానస్థానము తెలిసినచోఁ దక్కిన యేడును ఖండముల నడకనుబట్టి తెలియును.